మొహం చూసి పెట్టిన వరస

శ్రుతి గుమ్మం బయటే నిలబడిపోయింది. లోపలికి రమ్మంటే తల అడ్డంగా ఊపి, చేతిలోని సంచీ నాకందించి, "నహీఁ బువా, సూతక్ హై. మామాజీ నే మనా కియా హై," అంది. వాళ్ళ నాన్న శంకరం పోయి ఆరో రోజు. కొడుకులు లేరు కాబట్టి తలకొరివి తనే పెట్టింది. మైలలో ఉన్నవాళ్ళు పరాయివాళ్ళ గడప తొక్కకూడదని బరంపురం నుంచి వచ్చిన మేనమామ మరీ మరీ చెప్పి పంపాడట. పదో రోజు కర్మకి రమ్మని పిలవడానికీ, ఈ సంచీ ఇచ్చి వెళ్ళడానికీ టాటానగర్ స్టేషన్ పక్కనున్న తమ ఇంటి నుంచి గోల్‌మురి దాకా ఆటోలో వచ్చింది. మూడంతస్తులు ఎక్కిన ఆయాసంతో మెట్ల మీదే కూలబడింది. నేను గుమ్మానికి ఒక చెయ్యి ఆనించి అలాగే నిలబడ్డాను. నేను తెలుగులో మాట్లాడతాను, తను హిందీలో జవాబు చెబుతుంది. దాని చిన్నప్పటి నుంచీ మా కబుర్లు ఇలాగే నడుస్తున్నాయి, ఇద్దరికీ ఏ ఇబ్బందీ రాలేదు. బువా అంటే అత్త, తండ్రి తోబుట్టువు.

సంచీలో కోటుంది. మడత విప్పకముందే తెలిసిపోయింది. పైన కలరా ఉండల వాసన, దాని అడుగున, ఎన్నేళ్ళయినా వదలని బొగ్గు వాసన. నల్లటి ఉన్ని కోటు, మోచేతుల దగ్గర అరిగి నూలు కనిపిస్తోంది. మెడ చుట్టూ బొచ్చు కాలరు మాత్రం చెక్కు చెదరలేదు. "పాపా నే కహా థా, యే ఆప్‌కో దేనా హై," అని, నాన్న ఇది నాకే ఇమ్మన్నాడని చెప్పి, తన ఫోనులో ఏదో బొమ్మ తీసి చూపించింది. కళ్ళ చుట్టూ నల్లటి గంతలు కట్టినట్టున్న జంతువు. ఈ బొచ్చు రకూన్‌దే కదా, నాన్న ఎప్పుడడిగినా బువాని అడుగు అనేవాడు, అంది. నేను కాలరు మీద నోటితో ఊదాను. పొడుగు వెంట్రుకలు పక్కకు ఒరిగాయి, కొసలు నలుపు, అడుగున పసుపు కలిసిన బూడిదరంగు మెత్తటి నూగు. "మొహం చూసి చెప్పకే తల్లీ," అన్నాను. "ఇది రకూన్ కాదు. రకూన్ డాగ్." మా ఇంట్లో ఈ వాదన మొదలైనప్పుడు మీ నాన్నకి పదేళ్ళు కూడా లేవని చెప్పాలనిపించింది.

మా క్వార్టరు ఇక్కడికి నాలుగు వీధుల అవతల ఉండేది. రెండు గదులు, వెనక వరండా, వరండాలో బొగ్గుల పొయ్యి. తెల్లవారకుండానే మామ్మ, అంటే మా నాన్నని కన్నతల్లి, పొయ్యి రాజేసి బయటికి పెట్టేది. వీధి వీధంతా పొగ లేచేది. అందులో ఎవరింట్లోనో ఎండుచేప కాలుతున్న వాసన, ఇంకెవరింట్లోనో ఆవనూనె కాగుతున్న ఘాటు. రేకుల కంపెనీ కూత వెయ్యగానే సైకిళ్ళు బయల్దేరేవి, ఆ గంటలకి రోడ్డు మీద కుక్కలు కూడా పక్కకి తప్పుకునేవి. నాన్న చద్దన్నం తిని, కేరియరు తగిలించుకుని వెళ్ళాక మామ్మ మెట్టు మీద కూచుని అడ్డపొగ వెలిగించేది. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లోకి పెట్టుకుని కాల్చడం అది. ఆ నిప్పు నాలికకి ఎలా తగలదో నాకు ఇప్పటికీ తెలియదు. నోట్లో నిప్పు పెట్టుకునే ఆవిడ ఊరందరి వరసలూ చెప్పేది.

శ్రీకాకుళం వైపు నుంచి పని వెతుక్కుంటూ రైలు దిగిన ప్రతి మనిషీ ఏదో ఒక రోజు మా మెట్టు దగ్గరికి రావలసిందే. "ఏ ఊరు బాబూ మీది? ఇంటిపేరేటి? మీయమ్మ కన్నోరిదే ఊరు?" అని మామ్మ మొదలుపెట్టేది. తల్లి దగ్గర దొరక్కపోతే తల్లి తల్లి దగ్గరికి, అక్కడా దొరక్కపోతే పెద్దమ్మ అత్తవారి ఊరికి పోయేది. ఎక్కడో ఒక ముడి దొరికేది. అప్పుడు చుట్ట తీసి, "అలాగైతే నువ్వు నాకు మేనల్లుడివిరా," అని తేల్చేది. ఆ క్షణం నుంచి అతనికి మా ఇంట్లో ఒక పూట కూడు, ఒక పిలుపు ఖాయం. పరాయి దేశంలో మనిషికి ఇవి రెండూ లేకపోతే పిచ్చెక్కుతుందని ఆవిడకి తెలుసు. ఇప్పుడు నేనున్న అపార్ట్‌మెంటులో కింద వాచ్‌మన్ అడిగేది ఒక్కటే ప్రశ్న, ఏ ఫ్లాటుకి అని. నా ఫ్లాటు నంబరు చెప్పేవాళ్ళు ఈమధ్య గ్యాసు బండవాడు తప్ప ఎవరూ లేరు.

అప్పన్న బాబాయ్‌కి మాత్రం ముడి దొరకలేదు. శంకరం వాళ్ళ నాన్న ఆయన. టెక్కలి అవతల ఏదో పల్లె. మామ్మ ఎంత తవ్వినా, ఏ తల్లి వైపు పోయినా, మా వాళ్ళతో ఎక్కడా కలవలేదు. ఇంటిపేరు వేరు, ఊళ్ళు వేరు. తాడూ బొంగరం లేని మనిషిలా సంచీ పట్టుకుని నిలబడి ఉన్నాడట. రైలింజను పక్క పెట్టెలో కిటికీ దగ్గర కూచుని వచ్చాడేమో, మొహమంతా మసి, కళ్ళ చుట్టూ మరీను. మామ్మ అతన్ని చూసి చుట్ట కింద పడేసింది. ఆవిడ రెండో కొడుకు సింహాద్రి, నేను ఊహ తెలిసి చూడని మా చిన్న బాబాయ్, కొలిమి దగ్గర పని చేసి రోజూ అలాంటి మసి మొహంతోనే ఇంటికొచ్చేవాడు. జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. "ఓలమ్మ, మా సింహాద్రిగాడి మొహమే," అంది మామ్మ. "ఇంక వరస సూసేదేటి? నువ్వు నా కొడుకువి. ఈ గుంటకి బాబాయివి. కాళ్ళు కడుక్కు రా, కూడెడతాను." ఆయన మొహం కడుక్కుని వచ్చేసరికి పోలిక సగానికి సగం పోయిందని మా అమ్మ తర్వాత నవ్వుతూ చెప్పేది. కానీ అప్పటికే పిలుపు నోట్లోంచి వచ్చేసింది. మరుసటేడు ఆయన పల్లె నుంచి భార్యనీ, కొడుకునీ తెచ్చుకున్నాడు. ఆ కొడుకు నాకన్నా ఏడాది పెద్ద. అలా శంకరం నాకు అన్నయ్యయ్యాడు. ఇక్కడి వీధుల్లో అందరూ కడతారని, శ్రావణంలో నాచేత వాడికి రాఖీ కూడా కట్టించేవాళ్ళు.

ఈ కోటు బాబాయ్‌దే. సాక్చి ఫుట్‌పాత్ మీద చలికాలంలో పరదేశాల పాత బట్టలు మూటలు మూటలుగా పోసి అమ్మేవాళ్ళు. రాత్రి డ్యూటీకి సైకిల్ మీద పోతే చలికి చెవులు తెగిపోతున్నాయని ఒకటి కొన్నాడు. అది ఇంటికి రాగానే కాలరు బొచ్చు ఏ జంతువుదన్న గొడవ మొదలైంది. "నక్కదే. మా కన్నోరూర్లో ఎన్ని నక్కల్ని సూడలేదు నేను," అంది మామ్మ, వేళ్ళతో నలిపి చూసి. శంకరం తన ఇంగ్లీషు బొమ్మల పుస్తకం తెచ్చి రకూన్ అన్నాడు. బాబాయ్ మాత్రం, "కుక్కదేనే అమ్మా. రాత్రిపూట వీధి కుక్కలు నన్ను సూసి మొరగడం మానేసినాయి, సుట్టాన్నని," అన్నాడు. అందరం పొట్ట పట్టుకుని నవ్వాం. నేనూరుకోక, పెద్దదాన్నయ్యాక చదివి నేను చెబుతానన్నాను. ఆ మాట పట్టుకునే జంతుశాస్త్రం చదివానంటే ఎవరూ నమ్మరు. నమ్మకపోయినా అది నిజమే.

రాంచీలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు మా మేడమ్ బీరువాలోంచి ఒక చర్మం తీసి బల్ల మీద పరిచారు. చెయ్యి వెయ్యగానే మా వరండా గుర్తొచ్చింది. తూర్పు ఆసియా జంతువు. పొట్టి కాళ్ళు, గుబురు ఒళ్ళు, కళ్ళ చుట్టూ నల్ల గంతలు. దాని శాస్త్రీయనామంలోనే రకూన్ లాంటిది అని ఉంది. జపానులో ఉండే రకానికైతే పునుగుపిల్లి లాంటిదని పేరు పెట్టారు. ప్రతివాడూ మొహం చూసి ఇంకెవరితోనో పోల్చినవాడే, దాని పేరు దానికి పెట్టినవాడు లేడు. నిజానికి రకూన్‌కీ దానికీ మధ్య నక్కకీ నాగలోకానికీ ఉన్నంత దూరం. పళ్ళు చూస్తే, పుర్రె చూస్తే, అడుగుల ముద్ర చూస్తే అది కుక్కల కుటుంబంలోది. రెండూ రాత్రిపూట నీటి పక్కన తిరుగుతూ కప్పో పండో ఏది దొరికితే అది తినే జీవులు. బతుకులు కలిశాయి కాబట్టి మొహాలు కలిశాయి, అంతే. మరి కుక్కల్లో ఎవరికి దగ్గర అన్నది ఇంకో పెద్ద తగువు. దవడ ఎముక చూసి కొందరు దక్షిణ అమెరికాలో పీతలు తినే ఒక నక్కలాంటి జంతువుతో కలిపారు. సముద్రాల అవతలి చుట్టరికం. తర్వాతి రోజుల్లో కణాల్లోని వారసత్వపు రాత చదవడం వచ్చాక ఆ ముడి ఊడదీసి, అసలు నక్కల పక్కన పెట్టారు. ఆఫ్రికాలో చాటంత చెవులతో చెదపురుగులు తినే నక్క కూడా ఆ చుట్టుపక్కలదే. మామ్మకి పుర్రె తెలీదు, పళ్ళు తెలీదు. మా ఊళ్ళో నక్కలు అంటూ గుడ్డిగా అన్న మాట దాదాపు సరిపోయింది. ఆవిడ జంతువు దగ్గర గెలిచింది, మనిషి దగ్గరే ఓడింది.

నేను ఆ చర్మం చూడడానికి ముందటేడే బాబాయ్ పోయాడు. డ్యూటీ నుంచి వచ్చి, ఈ కోటు విప్పి మేకుకి తగిలించి, గుండె నొప్పంటూ పడుకుని మరి లేవలేదు. అయ్యగారు వచ్చి మీరు పాలివాళ్ళు కాదు కదమ్మా, మీకు మైల లేదు అని చెప్పినా మామ్మ వినలేదు. "కొడుకు పోతే తల్లికి మైలుండదా బాబూ?" అంది. పదిరోజులు మా ఇంట్లో దీపం పెట్టలేదు, పోపు వెయ్యలేదు. నాన్న తమ్ముడికి చేసినట్టే గుండు చేయించుకున్నాడు. సుబర్ణరేఖ ఒడ్డున శంకరం పక్కన నాన్న కూడా గుండుతో నిలబడితే, నిజంగా ఒక ఇంటివాళ్ళలాగే ఉన్నారు. ఆ రోజు నాకది ఎంతో గొప్పగా అనిపించింది. అందులో నాకేం జరిగిందో అప్పుడు అర్థం కాలేదు.

సెలవులకి వచ్చినప్పుడు సాక్చి బజారులో నడుస్తూ శంకరానికి రకూన్ డాగ్ సంగతి మొత్తం చెప్పాను. అప్పటికి వాడికి రైల్వేలో ఉద్యోగమొచ్చింది. డిగ్రీ నుంచే నేను వాడిని అన్నయ్యా అనడం మానేశాను. అలాగని పేరు పెట్టీ పిలవలేదు, 'ఇదిగో' అనేదాన్ని. వాడూ అంతే. "అయితే ముగ్గుర్లో గెలిచిందెవరు?" అన్నాడు. "బాబాయ్ కుటుంబాన్ని సరిగ్గా చెప్పాడు, మామ్మ దగ్గరి చుట్టాన్ని చెప్పింది, నువ్వు మొహం చూసి మోసపోయావు," అన్నాను. వాడు పక్కనున్న అల్యూమినియం గిన్నెల కొట్టు వైపు చూస్తూ, "మరి మన వరసో? అదీ మొహం సూసి పెట్టిందే గదా. ఒకపాలి సరిగ్గా సూడమని అడగవా మామ్మని?" అన్నాడు. ఎన్నేళ్ళుగానో నేను ఎదురు చూస్తున్న మాట అదేనని, విన్నాకే తెలిసింది.

అడిగాను. మామ్మ మెట్టు మీద కూచుని ఉంది. "మామ్మా, అప్పన్న బాబాయ్ నిజానికి మనకేమవుతాడు?" అన్నాను. ఆవిడ నా మొహం కేసి చాలాసేపు చూసింది. ఎందుకడుగుతున్నానో కనిపెట్టేసింది. "ఏటీ అవడు," అంది మెల్లిగా. "అవడు కాబట్టే వరస పెట్టేను. అయినోడికి వరస పెట్టాలేటే?" నాకు ప్రాణం లేచొచ్చింది. ఏమీ కాకపోతే మరి శంకరం, అనబోయాను. చేత్తో ఆపింది. "ఇన్నేళ్ళు అన్నా అని పిలిసేవు. ఆడి బాబుకి మనం పదిరోజులు మైల పట్టేం. మీ నాన్న గుండు సేయించుకున్నాడు. ఇయ్యాల కాదంటే, నా కొడుకు రెండోపాలి సచ్చిపోయినట్టే గదే. వరసంటే కోకేటే, సిరిగిందని మార్సుకోడానికి?" ఆవిడ ఏడుస్తూ అంది ఆ మాట. కోప్పడి ఉంటే ఎదురు తిరిగేదాన్నేమో. నాన్నని అడిగాను, నాన్న తలొంచుకున్నాడు. శంకరం వాళ్ళమ్మ, మేం పిన్ని అనే ఆవిడ, నా చేతులు పట్టుకుని, "నువ్వు కోడలివైతే నాకు కాదా ఏటి సంతోసం? వీధిలో ఎలా తిరుగుతామమ్మా?" అంది. ఒక్కరు కూడా చెడ్డవాళ్ళు లేరు. అదే నా ఖర్మ.

పై ఏడాది శంకరానికి బరంపురం అమ్మాయితో పెళ్ళయింది. కొత్త జంట ఇంట్లోకి అడుగు పెట్టేటప్పుడు ఆడపడుచు గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టి పేర్లు చెప్పించాలి. వాడికి ఉన్న ఆడపడుచు లాంటిదాన్ని నేనొక్కదాన్నే. మామ్మ నన్ను ముందుకు నెట్టింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఆ అమ్మాయి సిగ్గుపడుతూ వాడి పేరు చెప్పింది, వాడు నా కళ్ళలోకి చూడకుండా ఆమె పేరు చెప్పాడు. ఇంకా అడగాలి, అడగవే అని వెనకనుంచి ఆడవాళ్ళు కేకలు. నీకు కూతురు పుడితే నా కొడుక్కిస్తావా అన్నది అడగాల్సిన మాట. నా నోటికి సగమే వచ్చింది. "నీకు కూతురు పుడితే నాకిస్తావా?" అన్నాను. కొడుకు మాట మర్చిపోయిందని అందరూ గొల్లున నవ్వారు. వాడు నవ్వలేదు. "ఇత్తాను," అన్నాడు. నేను చెయ్యి తీసేశాను.

తర్వాత నాకు వచ్చిన సంబంధాలన్నిటికీ ఏదో ఒక వంక పెట్టాను. ఇక్కడి కాలేజీలోనే వర్గీకరణ పాఠం చెబుతూ రిటైరయ్యాను. ఏటా పిల్లలకి చెప్పేదాన్ని, మా శాస్త్రంలో తప్పు వరస పెడితే సిగ్గుపడే పని లేదు, కొత్త సాక్ష్యం దొరికితే దిద్దుకోవచ్చునని. రకూన్ డాగ్‌ని ఇప్పటికీ దిద్దుతూనే ఉన్నారు. జపానుది వేరే జాతి అని చాలామంది అంటున్నారు, కొందరింకా ఒప్పుకోవడం లేదు. ఎన్నిసార్లు మార్చినా ఆ జంతువుకి మాత్రం పట్టింపు లేదు. తోడు దొరికిన చోట జంటగా ఉంటుంది, పిల్లల దగ్గర మగది కూడా కాపలా కాస్తుంది, మంచు పడే చోట చలికాలమంతా బొరియలో పడుకుంటుంది. కుక్కల కుటుంబం మొత్తంలో అలా చలికాలాన్ని నిద్రలో దాటేసేది అదొక్కటే. నాకు దాన్ని చూస్తే ఈర్ష్య. నా చలికాలాలన్నీ నేను మెలకువగానే గడిపాను.

దాని పాత బంధువుల గురించి చదివినప్పుడల్లా ఇంకా దిగులేసేది. కుక్కల కుటుంబమే ఉత్తర అమెరికాలో పుట్టి, నేల కలిసి ఉన్న రోజుల్లో ఆసియాకి నడిచి వచ్చింది. అందులోంచి చీలిన రకూన్ డాగ్‌ల రకాలు ఒకప్పుడు ఫ్రాన్సు, స్పెయిన్‌ల దాకా ఉండేవి. చైనాలో కొన్ని, ఆఫ్రికాలో మొరాకో వైపు, ఇథియోపియా మట్టిలో కూడా వాటి ఎముకలు దొరికాయి. వాటిలో ఇప్పటి వాటికన్నా పెద్ద ఒళ్ళున్నవీ ఉన్నాయి. అన్నీ పోయాయి. అంత పెద్ద వంశానికి తూర్పు కొసన మిగిలింది ఈ కాస్త. బొచ్చు కోసం మనుషులు వాటిని మళ్ళీ ఐరోపాకి తీసుకెళ్ళి వదిలితే, అక్కడి వాళ్ళు వీటిని పరాయి జంతువులంటున్నారు. తాతల నాటి బంధువుల ఎముకలు అదే మట్టిలో ఉన్నాయన్నది ఎవరిక్కావాలి? మేమూ అంతే. శ్రీకాకుళం వెళ్తే టాటానగరం వాళ్ళొచ్చారంటారు, ఇక్కడ తెలుగువాళ్ళంటారు. మామ్మ పోయింది, అమ్మా నాన్నా పోయారు, పిన్ని పోయింది, నన్ను నోరారా వదినా అని పిలిచిన శంకరం భార్య కూడా పోయింది. ఆ మెట్టు మీద వరస కలుపుకున్న వాళ్ళలో చివరికి నేనూ శంకరమూ మిగిలాం. ఆరు రోజుల కిందట నేనొక్కదాన్నే మిగిలాను.

కబురు తెలిసి ఆ రోజు పొద్దున్నే వెళ్ళాను. అయినవాళ్ళు వరసగా వచ్చి నోట్లో బియ్యం వేస్తున్నారు. శ్రుతి మేనమామ, అక్క పెళ్ళినాటికి పసివాడు, పాపం నన్నెరగడు, "మీరేటవుతారండీ?" అన్నాడు. ఏ మాట చెప్పినా అబద్ధమే అనిపించింది. తెలిసినవాళ్ళం అని చెప్పి, ఇరుగుపొరుగు వాళ్ళలో నిలబడి, వాడిని ఎత్తేదాకా చూసి వచ్చేశాను. వచ్చాక దేవుడి దగ్గర దీపం పెట్టబోయి అగ్గిపుల్ల ఆర్పేశాను. ఆ రోజు నుంచీ పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని అడిగే మనిషి ఈ ఇంట్లో లేరు.

"బువా," అంది శ్రుతి మెట్ల మీంచి లేస్తూ. కింద ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. "మామాజీ పూఛ్ రహే థే, ఆప్ హమారీ కౌన్ లగ్తీ హైఁ." పదో రోజు ఎవరు ఏమవుతారో ఆయనకి తెలియాలట. నువ్వు తెలిసినవాళ్ళమని చెప్పావట కదా, మరి నాన్న బువా అని ఎందుకు పిలిపించాడు, అంది. అడుగుతూ కాలరు బొచ్చు నిమురుతోంది. కళ్ళ కింద ఆరు రోజుల నల్లటి చారలు.

మామ్మ పెట్టిన ఆ వరస నాకు చేసిన అన్యాయానికి జీవితమంతా ఆవిడ మీద అలిగాను. ఈ పూట నాకర్థమైంది, వాడి కోసం ఏడవడానికి నా చేతిలో ఉన్న హక్కు అదొక్కటే. ప్రేమించినదానికి ఏ అయ్యగారూ మైల చెప్పడు.

"మీ నాన్నకి చెల్లెల్ని," అన్నాను. "పెళ్ళికాని చెల్లెల్ని. అంటే నాకూ పదిరోజులు. మైల ఈ ఇంట్లో కూడా ఉందే, ఆటోవాణ్ణి పంపించేసి లోపలికి రా."

శ్రుతి చెప్పులు విప్పింది. గుమ్మానికి అడ్డంగా ఉన్న నా చెయ్యి తీశాను.